రేవులో దిగి బండెక్కితే బీమా ఎవరిది?

తిరుపతిలో విదేశీ ప్రయాణానికి బీమా తీసుకోవడానికి వెళ్లినవారు మొదట అడిగేది ఎన్ని డాలర్లకు ఇస్తారని, తర్వాత అడిగేది ప్రీమియం ఎంతని. యాభై వేల డాలర్లా, లక్ష డాలర్లా అన్నది తేలగానే మాట ముగుస్తుంది. టికెట్లు, హోటల్ రసీదుల పక్కన ఆ పాలసీ కూడా ఒక కాగితమై ఫైల్లోకి చేరుతుంది. మామూలు యాత్రకు ఇది కొంతవరకు సరిపోవచ్చు. కానీ ఓడలో విహారానికి వెళ్లి, ఓడ ఆగిన రేవులో మోటార్‌సైకిల్ ఎక్కి తిరగాలనుకునేవారికి ఇది ఏమాత్రం సరిపోదని నా గట్టి అభిప్రాయం. అలాంటి సెలవులో డాలర్ల అంకె చిట్టచివర చూడవలసిన సంగతి. ఓడ దిగి బండి ఎక్కినప్పటి నుంచి తిరిగి ఓడ ఎక్కేదాకా ఏదైనా జరిగితే ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి.

ఆదివారం పూట భాకరాపేట ఘాటు మీదుగా తలకోనకో, మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్‌కో బండ్ల మీద వెళ్లివచ్చే మా ప్రాంతపు మిత్రులు ఈ మధ్య ఓడ ప్రయాణాల గురించి ఎక్కువగా మాట్లాడుకుంటున్నారు. పుత్తూరు, నగరి దాటితే చెన్నై ఎంతో దూరం లేదు. 2023లో చెన్నై నుంచి మొదలైన క్రూజ్ ప్రయాణాలు శ్రీలంకలోని హంబన్‌తోట, ట్రింకోమలీ రేవులకు వెళ్లివచ్చాయి. విమానంలో సింగపూరు చేరి, అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ చూసివచ్చే ఓడలు మన కుటుంబాలకు కొత్త కాదు. అండమాన్‌కు చెన్నై నుంచి ప్రయాణికుల ఓడలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వీటిలో ఎక్కడికి వెళ్లినా, దిగిన చోట బండి నడపాలన్న కోరిక మావాళ్లందరిదీ.

ఈ ఒక్క సెలవులో మూడు ఒప్పందాలు కలుస్తాయి. మోటారు బీమా బండికి సంబంధించినది, టికెట్టు వెనక ఉండే షరతులు ఓడకు సంబంధించినవి, ప్రయాణ బీమా మనిషికి సంబంధించినది. ఒకదాన్ని రాసినవారు తక్కిన రెండింటిని దృష్టిలో పెట్టుకుని రాయలేదు. అందుకే మూడూ చేతిలో ఉన్నా, రేవు గేటుకూ అద్దె బండి దుకాణానికీ మధ్య ఏ ఒక్కటీ వర్తించని ఖాళీ మిగిలిపోతుంది.

సొంత బండినే వెంట తీసుకుపోవాలనుకునేవారి సంగతి మొదట చెబుతాను. మామూలు క్రూజ్ ఓడల్లో ప్రయాణికుల వాహనాలు ఎక్కించే అంతస్తు ఉండదు. అది ఉండేది వాహనాల కోసం కట్టిన ఫెర్రీల్లోనే. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి శ్రీలంకలోని కంకేసంతురైకి ఫెర్రీ మొదలైనప్పుడు బండితో సహా జాఫ్నా చేరవచ్చని మాలో కొందరు ఆశపడ్డారు గానీ, అది మనుషులను మాత్రమే తీసుకువెళ్లే పడవ. కాబట్టి సొంత బండి సముద్రం దాటాలంటే ఎక్కువగా సరుకు రూపంలోనే దాటాలి.

అప్పుడు చూడవలసింది మన ఇళ్లలో ఉన్న ద్విచక్ర వాహన ప్యాకేజీ పాలసీలో మొదటి విభాగం. ఏయే కారణాల వల్ల బండికి నష్టం జరిగితే కంపెనీ చెల్లిస్తుందో అక్కడ వరుసగా ఉంటుంది: అగ్నిప్రమాదం, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, తుఫాను, ప్రమాదం, ఉగ్రవాద చర్య, కొండచరియలు విరిగిపడటం. ఆ వరుసలోనే రవాణాలో జరిగే నష్టం గురించి ఒక పంక్తి ఉంది. రోడ్డు, రైలు, దేశంలోపలి జలమార్గం, లిఫ్టు, ఎలివేటరు, విమానం అని అందులో రాసి ఉంటుంది. సముద్రం లేదు. రేణిగుంట పార్శిల్ ఆఫీసులో పెట్రోలు తీసేసి, గోనెపట్టా చుట్టి రైలెక్కించిన బండికి ఆ పంక్తి రక్షణ ఇస్తుంది. గోదావరి మీద పంటులో దాటించిన బండికీ ఇస్తుంది. అదే బండిని చెన్నైలో అండమాన్ ఓడ ఎక్కిస్తే, వెళ్లేది మన దేశంలోని దీవులకే అయినా, ఆ సముద్ర ప్రయాణం ఆ పంక్తిలో ఎక్కడా కనిపించదు. అండమాన్‌లో దిగి రోడ్డెక్కాక పాలసీ మళ్లీ మామూలుగా పనిచేస్తుంది.

పొరుగు దేశాలకు ఇంకో దారి ఉంది. అదనపు ప్రీమియం కట్టి నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకు మోటారు పాలసీ పరిధిని పెంచుకోవచ్చు. మోటారు టారిఫ్‌లో, అంటే మోటారు బీమా నియమావళిలో, ఇది మొట్టమొదటి ఎండార్స్‌మెంటు (పాలసీకి జతచేసే అదనపు షరతు). చాలామంది ఏజెంట్లకు దీని పేరు తెలుసు గానీ, దాని చివరి వాక్యం చదివినవారు తక్కువ. బండిని ఆ దేశానికి చేర్చే సముద్రయానంలో గానీ విమానయానంలో గానీ బండికి, అందులో ఉన్నవారికి, మూడో వ్యక్తికి (బండి వల్ల దెబ్బతినే బయటి మనిషికి) జరిగే నష్టం ఈ పొడిగింపులోకి రాదని ఆ వాక్యం చెబుతుంది. అంటే చెన్నై రేవుదాకా బీమా ఉంటుంది, శ్రీలంక గడ్డ మీద బీమా ఉంటుంది, నడుమ సముద్రం మీద ఉండదు. బండిని క్రేనుతో ఎత్తి దించేది, తాళ్లతో కట్టేది, ఉప్పునీరు తగిలేది అంతా ఆ నడుమనే.

ఆ నడుమ భాగానికి కావలసింది మెరైన్ కార్గో పాలసీ. మన దేశంలో దీనికి 1963 నాటి సముద్ర బీమా చట్టం ఆధారం. ఇందులో 'ఎ', 'బి', 'సి' అని మూడు రకాల క్లాజులు ఉంటాయి. 'సి' క్లాజులు ఓడ మునగడం, ఒడ్డెక్కడం, అగ్నిప్రమాదం వంటి పెద్ద ఆపదలకే పరిమితం. 'ఎ' క్లాజులు మినహాయింపుల్లో లేని నష్టాలన్నిటికీ వర్తిస్తాయి. బండికి 'ఎ' క్లాజులే అడగాలి. ఎందుకంటే బండికి సాధారణంగా జరిగేది మునిగిపోవడం కాదు, హ్యాండిల్ వంగడం, ట్యాంకు సొట్టపోవడం, అద్దాలు పోవడం. అయితే సరిగా ప్యాక్ చేయకపోవడం వల్ల జరిగిన నష్టం, ఆలస్యం వల్ల జరిగిన నష్టం 'ఎ' క్లాజుల్లో కూడా రావు. కాబట్టి బండిని చెక్క పెట్టెలో ఎలా బిగించారో ఫోటోలు తీసి ఉంచుకోవడం పాలసీ కొన్నంత అవసరం.

కార్గో పాలసీకి మరో ప్రయోజనం ఉంది. మోటార్‌సైకిల్ మిత్రుల్లో దీని గురించి మాట్లాడగా నేను వినలేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కున్నప్పుడు, దాన్ని విడిపించడానికి అయిన ఖర్చులో సరుకు యజమానులందరూ వంతు పంచుకోవాలని ఓడ యజమాని ప్రకటించాడు. సముద్ర వ్యాపారంలో ఇది చాలా పురాతనమైన పద్ధతి, జనరల్ యావరేజ్ అంటారు. ఓడనూ సరుకునూ కాపాడటానికి చేసిన ఖర్చును, ఏ తప్పూ చేయని సరుకుదారు కూడా తన సరుకు విలువను బట్టి భరించాలి. హామీ ఇచ్చేదాకా సరుకు విడుదల కాదు. కార్గో బీమా ఉంటే ఆ హామీ బీమా కంపెనీ ఇస్తుంది, లేకపోతే యజమాని డబ్బు కట్టాలి. ప్రయాణికుడితో పాటే అదే ఓడలో వెళ్లే సొంత వాహనాన్ని ఈ వంతు నుంచి 1994 నాటి యార్క్-ఆంట్‌వర్ప్ నియమాలు మినహాయించాయి. బండి ముందు ఓడలో, మనిషి వెనక విమానంలో వెళితే మాత్రం ఆ మినహాయింపు దక్కదు.

ఇంత శ్రమ ఎందుకని చాలామంది రేవులో బండి అద్దెకు తీసుకుంటారు. అద్దె బండి సులువు కాబట్టి బీమా కూడా సులువని అనుకోవడం దగ్గరే అసలు ప్రమాదం ఉంది.

మా పిన్ని కొడుకు సింగపూరు నుంచి ఓడలో ఫుకెట్ వెళ్లి, అక్కడ బండి తీసుకుని భార్యతో ద్వీపం చుట్టి రావాలని అనుకున్నాడు. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఉన్న ఒక ఏజెంటు ఆఫీసుకు నన్నూ వెంట తీసుకువెళ్లాడు. ఏజెంటు మంచి మనిషి, మాకు చాలా ఏళ్లుగా తెలిసినవాడు. "అంతా కవర్ అవతాదిలే అన్నా. కాలు విరిగితే ఆస్పత్రి బిల్లే గదా, దేని మీద నుంచి పడితే వాళ్లకేం?" అన్నాడు. పాలసీ పూర్తి పాఠం కావాలని అడిగితే తన కంప్యూటర్లోనే తెరిచి చూపించాడు. ముగ్గురం కలిసి చదివాము. మినహాయింపుల పేజీలో మోటార్‌సైకిల్ అన్న మాట లేదు, ప్రమాదకరమైన కార్యకలాపాలు అని మాత్రం ఉంది. ఆ కార్యకలాపాలు ఏమిటన్నది ముందు పేజీల్లోని నిర్వచనాల్లో ఉంది. అక్కడ ఇంజను సామర్థ్యానికి ఒక హద్దు పెట్టి, అంతకు మించిన ద్విచక్ర వాహనాన్ని నడపడం కూడా ఆ కార్యకలాపాల్లో చేర్చారు. మావాడు అద్దెకు తీసుకోవాలనుకున్న బండి ఆ హద్దుకు చాలా పైన ఉంది. ఏజెంటు కాసేపు ఆ వాక్యాన్నే చూసి, "ఇది నాకు తెలీదన్నా. కంపెనీని మెయిల్లో అడిగి చెప్తా" అన్నాడు. ఆ నిజాయతీకి నేను అతన్ని గౌరవిస్తాను. చాలాచోట్ల ఆ మెయిలు వెళ్లదు.

ఇంజను హద్దు అన్ని పాలసీల్లో ఒకేలా ఉండదు. కొన్ని 125 సీసీ దగ్గర గీత గీస్తాయి, కొన్ని 150 దగ్గర, కొన్ని అదనపు ప్రీమియం తీసుకుని గీత చెరిపేస్తాయి, కొన్ని బండి నడపడాన్నే పూర్తిగా మినహాయిస్తాయి. మన దగ్గర 350 సీసీ బండిని మామూలు బండిగానే చూస్తాము కనుక ఈ గీత మనకు వింతగా తోస్తుంది. ఆ తర్వాత లైసెన్సు సంగతి. మన ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది చెల్లుతుంది. అందులో ఎ అనే వర్గం మోటార్‌సైకిల్‌ది, బి కారుది. కారు లైసెన్సు మాత్రమే ఉన్న మనిషికి ఎ దగ్గర ముద్ర పడదు. ముద్ర లేకుండా నడిపితే ఆ దేశపు చట్టం ప్రకారం అతను లైసెన్సు లేని మనిషే, ప్రయాణ బీమా దృష్టిలోనూ అంతే. మన పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. థాయ్‌లాండ్ ఆ ఒప్పందంలో ఉంది, వియత్నాం లేదు. వియత్నాం రేవుల్లో దుకాణదారుడు ఏ పర్మిటూ అడగకుండానే తాళం చేతికిస్తాడు. తాళం ఇచ్చినంత మాత్రాన చట్టం అనుమతించినట్టు కాదు. శ్రీలంకలోనైతే మన పర్మిట్ మీద అక్కడి అనుమతి కూడా తీసుకోవాలి. పొద్దున దిగి సాయంత్రం ఓడ ఎక్కవలసిన మనిషికి ఆ అనుమతి సంపాదించే వ్యవధి ఎక్కడ ఉంటుందో ఇంటి దగ్గరే ఆలోచించుకోవాలి.

లైసెన్సు విషయంలో మనకు ఒక అలవాటు ఉంది, దానికి మూలం మన న్యాయస్థానాలు చూపిన ఉదారత. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, డ్రైవరు లైసెన్సులో లోపం ఉన్నా ప్రమాద బాధితుడికి ముందు బీమా కంపెనీ చెల్లించి, తర్వాత వాహన యజమాని నుంచి రాబట్టుకోవచ్చన్న మార్గాన్ని బలపరిచింది. అది న్యాయమైన తీర్పు. కానీ అది రోడ్డు మీద దెబ్బతిన్న మూడో వ్యక్తి కోసం, మన మోటారు వాహనాల చట్టం కింద ఇచ్చిన తీర్పు. ఫుకెట్‌లో మన కాలు మనమే విరగ్గొట్టుకున్నప్పుడు ఆ తీర్పు అక్కరకు రాదు. 2018 నుంచి మన దగ్గర తప్పనిసరి అయిన రూ. 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా కూడా రాదు, ఎందుకంటే అది మన సొంత బండితో ముడిపడినది.

మూడో వ్యక్తి విషయం ఇంకా తీవ్రమైనది. ప్రయాణ బీమాల్లో వ్యక్తిగత బాధ్యత అన్న శీర్షిక కింద పెద్ద మొత్తమే కనబడుతుంది. హోటల్ గదిలో ఏదో పగిలితేనో, మన వల్ల పొరపాటున ఎవరికైనా దెబ్బ తగిలితేనో అది పనికివస్తుంది. మోటారు వాహనం నడపడం వల్ల వచ్చే బాధ్యతను మాత్రం ఆ శీర్షిక సాధారణంగా మినహాయిస్తుంది. కాబట్టి మన బండి కింద ఎవరైనా పడితే, అద్దె బండికి దుకాణదారుడు చేయించిన స్థానిక బీమాయే దిక్కు. అది ఉందా, ఎంతవరకు ఉంది, అద్దెకు ఇచ్చే వాహనంగా నమోదైందా అన్నది దుకాణంలో కాగితం చూసి తెలుసుకోవాలి. చాలా దుకాణాల్లో చట్టానికి తప్పనిసరైన కనీస బీమా తప్ప మరేమీ ఉండదు. బండికి జరిగే నష్టం మన జేబు నుంచే పోతుంది. హామీగా పాస్‌పోర్టు పెట్టమంటే ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు.

వెనక కూర్చునే మనిషి గురించి కూడా పాలసీలో వేరుగా చూడాలి. కొన్ని పాలసీల్లో మినహాయింపు బండి నడిపేవారికే కాదు, దాని మీద ప్రయాణించేవారికీ వర్తిస్తుంది. భర్త లైసెన్సులో లోపం వల్ల భార్య ఆస్పత్రి బిల్లు నిలిచిపోయే పరిస్థితి రాకూడదు. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. మద్యం విషయంలో మన చట్టం 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల దగ్గర హద్దు పెడితే థాయ్‌లాండ్ 50 దగ్గర పెట్టింది. కానీ పాలసీల్లో తరచుగా ఏ అంకే ఉండదు, మద్యం ప్రభావంలో అని మాత్రమే ఉంటుంది. రాత్రి ఓడలో విందు, పొద్దున్నే బండి అనుకునేవారు దీన్ని మరీ జాగ్రత్తగా చదవాలి.

ఇక ఓడ. ఓడకు గడియారమే ప్రధానం. ఫుకెట్‌లో పెద్ద ఓడలు పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేస్తే, చిన్న టెండరు పడవల్లో ఒడ్డుకు వెళ్లిరావాలి. చివరి పడవ వెళ్లిపోతే ఓడ అందనట్టే. ఓడ కంపెనీ ద్వారా కొన్న యాత్రలో ఉంటే ఆలస్యమైనా వారే బాధ్యత తీసుకుంటారు. సొంతంగా బండి తీసుకుని వెళ్లినవారి కోసం ఓడ ఆగదు. తర్వాతి రేవుదాకా విమాన ఖర్చు, హోటల్ ఖర్చు ప్రయాణ బీమా ఇస్తుందనుకుంటే, ఆ ప్రయోజనం ఏయే కారణాలకు వర్తిస్తుందో పాలసీలో జాబితా ఉంటుంది. అద్దె బండి పంక్చరు ఆ జాబితాలో ఉండటం అరుదు. కొన్ని ఓడల్లో ఎక్కేటప్పుడే పాస్‌పోర్టులు తీసి ఉంచుకుంటారు కాబట్టి, దాని నకలు, బీమా కంపెనీ సహాయక కేంద్రం ఫోన్ నంబరు కాగితం మీద రాసుకుని జేబులో ఉంచుకోవాలి. ఆస్పత్రిలో చేరగానే ఆ కేంద్రానికి చెప్పకపోతే నగదు రహిత చికిత్స దక్కదు. ఇంకొకటి: విదేశీ ప్రయాణ పాలసీలు ఎక్కువగా దేశం దాటాకే మొదలవుతాయి. చెన్నైలో ఎక్కి విశాఖపట్నం, పుదుచ్చేరి చూసి మళ్లీ చెన్నైలోనే దిగే ఓడకు అలాంటి పాలసీ కొనడం వృథా.

మా జిల్లావారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు అన్నది ఇక్కడ తరతరాల నమ్మకం. విదేశంలో దెబ్బ తగిలినా ఇంటికి వచ్చి పుత్తూరు వెళదామని ఆస్పత్రి మెట్లెక్కకుండా ఓడెక్కేవారు ఉంటారు. ప్రయాణ బీమా గుర్తింపు పొందిన వైద్యుడు చేసిన చికిత్సకే చెల్లిస్తుంది. తిరిగివచ్చాక ఇక్కడ చేయించుకున్న చికిత్సకు చెల్లించినా పరిమితంగానే, అదీ అక్కడే మొదలైన చికిత్సకు కొనసాగింపైతేనే. ముందు అక్కడి వైద్యుడి రిపోర్టు, ఎక్స్‌రే చేతికి రావాలి.

బీమా కంపెనీలు ఎలాగూ ఏదో ఒక వంక పెడతాయి, చదివి ఏం లాభం అని మా మిత్రులు అంటారు. ఆ నిరాశ నాకు అర్థమవుతుంది. తెలుగు మాత్రమే చదవగల మనిషికి పొడవాటి ఇంగ్లీషు పాలసీని అంటగట్టి, ఆపద వేళ అందులోని ఒక పంక్తిని చూపించడం అన్యాయమే. కానీ చదవకపోతే ఆ అన్యాయాన్ని ప్రశ్నించే ఆధారం కూడా మన దగ్గర ఉండదు. 2022 నవంబరులో టెక్స్‌కో మార్కెటింగ్ కేసులో సుప్రీంకోర్టు, మినహాయింపు క్లాజును పాలసీదారుకు ముందే తెలియజెప్పడం బీమా కంపెనీ విధి అని స్పష్టంగా చెప్పింది. ఆరోగ్య బీమా పాలసీలకు 2024 జనవరి నుంచి సరళమైన సమాచార పత్రం ఇవ్వాలని, కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. చట్టం ఆరోగ్య బీమాకు ఇచ్చిన నిర్వచనంలో ప్రయాణ బీమా కూడా చేరి ఉంది కనుక, మీ ప్రయాణ పాలసీకి ఆ పత్రం తెలుగులో ఇమ్మని అడగండి. అడిగేవారు పెరిగితేనే ఇచ్చేవారు పెరుగుతారు.

డబ్బు కట్టకముందే కంపెనీకి ఒక మెయిలు పంపమని నేను అందరినీ కోరుతున్నాను. ఏ ఓడలో ఏ తేదీల్లో వెళుతున్నారు, ఏ రేవులో ఎన్ని సీసీల బండి అద్దెకు తీసుకుంటారు, ఏ వర్గం లైసెన్సు ఉంది, వెనక ఎవరు కూర్చుంటారు, బీపీ, షుగరు వంటివి ఏమైనా ఉన్నాయా అన్నవి అందులో రాసి, ఈ స్థితిలో ప్రమాదం జరిగితే వైద్య ఖర్చు చెల్లిస్తారా అని సూటిగా అడగాలి. ఫోన్‌లో చెప్పినది లెక్కలోకి రాదు. కాదని జవాబు వస్తే ఆ రేవులో డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవాలి, లేదా బండి నడపడానికి ఒప్పుకునే మరో పాలసీ చూసుకోవాలి. అవునని వచ్చిన జవాబును పాలసీతో పాటే భద్రపరచాలి. తర్వాత క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తి కలిగించకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారిని, ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆ ఫిర్యాదుకు జతచేసే కాగితాల్లో, పాలసీ కొనక ముందటి తేదీతో ఉన్న ఆ మెయిలు అన్నిటికంటే పైన ఉండాలి.